రాజుగారి తోటకు తాళం తీశారు... తర్వాత?

గ్రీస్ అనగానే మనకు ఏథెన్స్ కొండమీది పార్థెనాన్ గుర్తొస్తుంది. లేదంటే నీలి గోపురాల శాంటొరినీ. టూరిస్టులు పెద్దగా పట్టించుకోని గ్రీస్ మరొకటి ఉంది. అది ఒకప్పటి రాజులు గోడ కట్టుకుని ఉంచుకున్న తోటలు, వాటి లోపల మిగిలిపోయిన పాతకాలపు గుళ్లు. ఆ గేట్లు ఇప్పుడు జనానికి తెరిచారు. ఒకసారి లోపలికి వెళ్లొద్దాం రండి.

కోర్ఫూ... గ్రీస్‌కు వాయవ్యంగా, అల్బేనియా తీరానికి ఎదురుగా ఉన్న పచ్చని దీవి. గ్రీకులు కెర్కిరా అంటారు. ఊరూరా తిరిగి అలసిపోయిన ఒడిస్యూస్‌ను ఆదరించి, పడవెక్కించి ఇంటికి పంపిన ఫయేషియన్ల దీవి ఇదేనని ఇక్కడివాళ్ల నమ్మకం.

పాత పట్నం నుంచి సముద్రం ఒడ్డు పట్టుకుని దక్షిణంగా ముప్పావు గంట నడిస్తే ఓ పెద్ద ఇనప గేటు వస్తుంది. తలుపులు తీసే ఉంటాయి. టికెట్టు అడిగేవాళ్లుండరు. లోపల చెట్ల నీడలో మెలికలు తిరుగుతూ పైకెక్కే దారి. పసిపిల్లల బండి తోసుకుంటూ ఓ జంట, కుక్కను తిప్పుతున్న ఓ పెద్దాయన, సైకిళ్లమీద పిల్లలు... మన ఊళ్లో మున్సిపాలిటీ పార్కు ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. కానీ 1967 దాకా ఈ దారిన మామూలు మనిషి నడవడానికి లేదు. ఇది రాజుగారి విడిది. పేరు మోన్ రెపో. ఫ్రెంచిలో ఆ మాటకు 'నా విశ్రాంతి' అని అర్థం.

పేరుకే విశ్రాంతి. ఇక్కడున్న రాజులెవరికీ అది ఎక్కువ కాలం దక్కలేదు.

మన గవర్నరు కట్టిన ఇల్లు

దారి చివర చెట్ల మధ్య స్తంభాల వాకిలితో రెండంతస్తుల మేడ కనిపిస్తుంది. దీన్ని కట్టించింది గ్రీకు రాజు కాదు, ఇంగ్లిషు దొర. 1815 నుంచి 1864 వరకూ ఈ దీవులు బ్రిటిష్‌వారి రక్షణలో ఉండేవి. ఇక్కడ వారి తరఫున పెత్తనం చేసే అధికారిని లార్డ్ హై కమిషనర్ అనేవారు. 1824లో ఆ పదవిలోకి వచ్చిన సర్ ఫ్రెడరిక్ ఆడమ్ ఇక్కడి అమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు. ఆమె కోసం 1828లో ఈ మేడ మొదలుపెట్టి 1831కి పూర్తి చేయించాడు.

మేడలో ఆయన ఎన్నాళ్లున్నాడు? ఏడాది తిరిగేసరికల్లా బదిలీ అయింది. ఎక్కడికో తెలుసా... మద్రాసుకు! 1832 అక్టోబరులో ఆడమ్ మద్రాసు గవర్నరయ్యాడు. అంటే మన కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ ఆయన ఏలుబడిలోకి వచ్చాయి. ఆ సంవత్సరం పేరు నందన. గుంటూరు సీమ చరిత్రలో అంతకన్నా చెడ్డ ఏడాది లేదు. డొక్కల కరువని పెద్దవాళ్లు కథలుగా చెప్పుకునే ఆ కాటకంలో ఒక్క గుంటూరు ప్రాంతంలోనే లక్షమందికి పైగా చనిపోయారు.

కోర్ఫూ పట్నం నడిబొడ్డున ఆడమ్ విగ్రహం ఇప్పటికీ ఉంది. దాని ముందు చిన్న నీటి కొలను. మంచినీళ్లకు కటకటలాడే పట్నానికి దూరపు ఊటల నుంచి కాలువ కట్టించి నీళ్లు తెప్పించాడని ఇక్కడివాళ్లకు ఆయనంటే గౌరవం. అదే మనిషి గవర్నరుగా వచ్చేనాటికి మన దగ్గర బావులెండి, ఊళ్లకు ఊళ్లు ఖాళీ అవుతున్నాయి. కృష్ణ, గోదావరులపై ఆనకట్టలు రావడానికి మనవాళ్లు మరో ఇరవై ఏళ్లు ఆగాల్సి వచ్చింది.

అడుగున పాతూరు

1864లో బ్రిటిష్‌వారు ఈ దీవులను గ్రీస్‌కు అప్పగించారు. అప్పటి గ్రీకు రాజు మొదటి జార్జి. ఈయనా గ్రీకువాడు కాదు. పదిహేడేళ్ల వయసులో డెన్మార్క్ నుంచి తెచ్చి సింహాసనం ఎక్కించిన రాకుమారుడు. ఈ తోటను ఆయనకు కానుకగా ఇచ్చారు. మోన్ రెపో అని పేరు పెట్టింది ఆయనే.

ఇచ్చినవాళ్లు, పుచ్చుకున్నవాళ్లు దీన్ని తోటగానే చూశారు. నిజానికిది ఓ మహానగరం. క్రీస్తు పూర్వం ఎనిమిదో శతాబ్దంలో కొరింథు నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ కోర్సైరా అనే పట్నం కట్టుకున్నారు. ఓడలు, వర్తకం, డబ్బు... తల్లిలాంటి కొరింథు మీదే యుద్ధానికి దిగేంత బలం సంపాదించింది. తర్వాత ఎన్నో శతాబ్దాలకు, దాడులకు తట్టుకోలేక జనం ఉత్తరాన కోట కొండమీదికి వెళ్లిపోయారు. వదిలేసిన చోట ఆలివ్ చెట్లు మొలిచాయి. ఆ ప్రాంతానికి పాలయోపొలిస్ అనే పేరు మిగిలింది. మన భాషలో చెప్పాలంటే 'పాతూరు'!

గేటుకు ఎదురుగా, రోడ్డవతలే, పైకప్పు లేని రాతి గోడలు కొన్ని నిలబడి ఉంటాయి. అయిదో శతాబ్దంలో జోవియన్ అనే బిషప్ కట్టించిన చర్చి ఇది. పాతకాలపు దేవతల గుళ్లు పడగొట్టి దీన్ని కట్టానని ఆయన ద్వారంమీద శాసనమే చెక్కించాడు. ఆ చర్చి రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు కూలింది. గుడి రాళ్లు చర్చిలోకి వెళ్లాయి, చర్చి రాళ్లు మట్టిలోకి వచ్చాయి. తోట కథ సగం ఈ గేటు బయటే అర్థమైపోతుంది.

మేడ దాటి చెట్ల మధ్యగా ముందుకెళితే నేలమట్టంగా కొన్ని పునాదులు కనిపిస్తాయి. ఇది హేరా దేవత గుడి. గ్రీకుల దేవరాజు జ్యూస్‌కు ఈమె భార్య. క్రీస్తు పూర్వం ఏడో శతాబ్దం చివర్లో కట్టారు. మరికాస్త ముందుకు, కొండ దిగి సముద్రం వైపు వెళితే కర్దాకీ గుడి. విరిగినవి విరగ్గా మిగిలిన స్తంభాలు చెట్ల నీడలో వరసగా నిలబడి ఉంటాయి. ఇది బయటపడటం కూడా చిత్రమే. పక్కనే కర్దాకీ అనే ఊట ఉంది. 1822లో నీళ్లు రావడం ఆగిపోయింది. కారణమేమిటా అని బ్రిటిష్ ఇంజినీర్లు తవ్వి చూస్తే గుడి బయటపడింది. ఆ ఊట నీళ్లు తాగినవాళ్లు సొంతూరు మరిచిపోయి ఇక్కడే ఉండిపోతారని కోర్ఫూలో ఓ నానుడి.

శరణన్నా దక్కలేదు

హేరా గుడి పునాదుల దగ్గర కాసేపు కూర్చోవాలి. క్రీస్తు పూర్వం 427లో ఈ ఊళ్లో అంతర్యుద్ధం జరిగింది. ఒకవైపు ప్రజాపాలన కావాలనేవాళ్లు, మరోవైపు కొద్దిమంది ధనవంతుల చేతిలోనే పెత్తనం ఉండాలనేవాళ్లు. ఓడిపోయిన ధనవంతుల వర్గంలో సుమారు 400 మంది హేరా గుడిలో శరణుజొచ్చారు. దేవత ఎదుట శరణన్నవాణ్ని ముట్టుకోకూడదు, అది అప్పటి ధర్మం. మొదట వాళ్లను ఎదురుగా ఉన్న దీవికి పంపి తిండి పెట్టారు. తర్వాత మళ్లీ గుడికి తెచ్చారు. విచారణ జరిపిస్తామని నమ్మించి, యాభైమందిని బయటికి రప్పించి అందరికీ మరణశిక్ష వేశారు. లోపల మిగిలినవాళ్లకు సంగతి అర్థమైంది. గుడి ఆవరణలోనే ఒకర్నొకరు చంపుకున్నారు. కొందరు అక్కడి చెట్లకే ఉరేసుకున్నారు.

ఇదంతా గ్రీకు చరిత్రకారుడు థుసిడిడిస్ రాసి పెట్టాడు. ఆయన చెప్పిన గుడి ఇదేనన్నది పరిశోధకుల అభిప్రాయం. ఇప్పుడక్కడ పక్షుల కూతలు తప్ప చప్పుడుండదు. చిన్న బోర్డు మాత్రం ఉంటుంది. బోర్డు చదవకుండా ఫొటో దిగి వెళ్లిపోతే అవి మామూలు రాళ్లే.

కోతి కరిచింది... కొంప మునిగింది

రాజుల కథలోకి వద్దాం. అందుకు ఒకసారి ఏథెన్స్ వెళ్లాలి. నగరానికి ఉత్తరాన పార్నిథా కొండల పాదాల దగ్గర టాటోయ్ అనే ఎస్టేటుంది. సుమారు పది వేల ఎకరాలు. 1870ల మొదట్లో మొదటి జార్జి కొన్నాడు. పైన్ అడవి, ద్రాక్షతోటలు, పాడిపశువులు, మధ్యలో రాజభవనం, పక్కన రాజకుటుంబపు సమాధులు. ఇక్కడా అడుగున పాత చరిత్రే. ఇది ప్రాచీన డెకెలియా. క్రీస్తు పూర్వం 413లో స్పార్టా సైన్యం ఇక్కడ కోట కట్టి ఏథెన్స్ గొంతుమీద కూర్చుంది. ఆ దెబ్బకు 20 వేలమందికి పైగా బానిసలు ఏథెన్స్ విడిచి పారిపోయారని థుసిడిడిసే రాశాడు.

1920 అక్టోబరులో ఈ తోటలో ఓ పెంపుడు కోతి అలెగ్జాండర్ రాజును కరిచింది. అప్పటికి ఆయన వయసు 27. గాయం చీము పట్టి మూడు వారాలకే చనిపోయాడు. దాంతో దేశం విడిచి వెళ్లిన ఆయన తండ్రి, మొదటి కాన్‌స్టంటైన్, తిరిగొచ్చి మళ్లీ రాజయ్యాడు. ఆయన హయాంలోనే, 1922లో గ్రీకు సైన్యం టర్కీ చేతిలో ఘోరంగా ఓడింది. ఆ ఓటమికి బాధ్యుల్ని చేస్తూ విచారణలు జరిగాయి. రాజుగారి తమ్ముడు ఆండ్రూకు దేశబహిష్కారం పడింది.

ఆండ్రూ కుటుంబం ఉండేది మోన్ రెపోలో. 1921 జూన్ 10న ఆయనకు అక్కడే ఓ కొడుకు పుట్టాడు. ఏడాదిన్నర వయసులో ఆ పిల్లాణ్ని నారింజపళ్ల పెట్టెనే ఊయలగా చేసి బ్రిటిష్ యుద్ధనౌకలో తరలించారు. అతనే ఫిలిప్... తర్వాత బ్రిటన్ రాణి ఎలిజబెత్ భర్త! అన్నట్టు ఈ దంపతులు 1983 నవంబరు 20న తమ పెళ్లిరోజును మన హైదరాబాద్‌లోనే జరుపుకొన్నారు. బొలారంలోని హోలీ ట్రినిటీ చర్చిలో ప్రార్థనకు వెళ్లారు. అక్కడ ఆయన్ను చూసినవాళ్లలో ఎంతమందికి తెలుసో... పుట్టిన ఇంటినుంచి పళ్లపెట్టెలో బయటపడ్డ పిల్లాడే ఈయనని!

ఇంటిపేరు లేని రాజు

గ్రీస్ చివరి రాజు రెండో కాన్‌స్టంటైన్. 1964లో సింహాసనం ఎక్కాడు. 1967 ఏప్రిల్లో సైన్యం అధికారం లాక్కుంది. డిసెంబరులో ఆయన ఎదురుతిరగబోయి విఫలమై కుటుంబంతో దేశం విడిచాడు. సైనిక పాలన పోయాక, 1974 డిసెంబరు 8న, రాజు కావాలా వద్దా అని ప్రజలనే అడిగారు. దాదాపు 69 శాతం మంది వద్దన్నారు.

రాజు వెళ్లాడు సరే, ఆస్తుల మాటేమిటి? మోన్ రెపో, టాటోయ్, లారిసా దగ్గరి పోలిడెండ్రి అడవి... ఈ మూడూ ఎవరివి? మన దేశంలో 1971లో రాజభరణాలు రద్దు చేసినప్పుడు రేగినంత దుమారం అక్కడా రేగింది. 1992లో ఓ ప్రభుత్వం రాజీ ఒప్పందం చేసుకుంది. 1994లో మరో ప్రభుత్వం దాన్ని కొట్టేస్తూ చట్టం తెచ్చింది. ఆస్తులన్నీ ప్రభుత్వపరం. పౌరసత్వం కావాలంటే రాజరికపు హక్కులు వదులుకుని, అందరిలాగే ఓ ఇంటిపేరు రాయించుకోవాలి. మా వంశానికి ఇంటిపేరే లేదు, ఎక్కణ్నుంచి తేను అన్నాడు కాన్‌స్టంటైన్. రాజులకు సంఖ్యలే తప్ప ఇంటిపేర్లుండవు మరి!

ఆయన యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకెక్కాడు. 2000 నవంబరులో తీర్పు వచ్చింది. అడవుల్ని, ప్రాచీన కట్టడాల్ని కాపాడటానికే ఆస్తులు తీసుకున్నామని ప్రభుత్వం వాదించింది. అందుకు ఆధారమేమీ కనిపించలేదంది కోర్టు. రిపబ్లిక్‌గా తన స్థితిని తేల్చుకోవడం ప్రభుత్వానికి అవసరమే, కానీ పైసా పరిహారం ఇవ్వకుండా తీసుకోవడం తప్పని చెప్పింది. 2002లో పరిహారం ఖరారు చేసింది. రాజుకు కోటీ 20 లక్షల యూరోలు, ఆయన చెల్లెలికి 9 లక్షలు, మేనత్తకు 3 లక్షలు. అడిగినదాంతో పోలిస్తే చాలా తక్కువ. ప్రకృతి వైపరీత్యాల బాధితులకు సాయం చేసే ఓ సంస్థను ఆ డబ్బుతో తన భార్య పేరున పెట్టాడు. భూములు మాత్రం ప్రజలకే మిగిలాయి.

గెలిచిందెవరు? ఇద్దరూ తామే అన్నారు. అయితే కోర్టు అన్న ఒక్క మాట ప్రభుత్వం నెత్తిమీద అలాగే ఉండిపోయింది. కాపాడటానికే తీసుకున్నామన్నారు కదా... కాపాడారా?

రెండు తోటలు, రెండు కథలు

మోన్ రెపో విషయంలో కాపాడారనే చెప్పాలి. 1967 తర్వాత పాడుబడ్డ మేడను బాగుచేసి, 2001లో పాలయోపొలిస్ మ్యూజియంగా తెరిచారు. కింద నేలలో దొరికిన కుండలు, శిల్పాలు, నాణేలు పైన గదుల్లో పెట్టారు. అడుగున ఉన్న పాతూరు గురించి తెలుసుకుని అప్పుడు తోటలో తిరిగితే, రాళ్లు రాళ్లుగా కనిపించవు. దేశమంతా ఇలాంటి శిథిలాలకు చట్టం రక్షణ కూడా ఉంది. 1453కు ముందునాటి కట్టడం ఏదైనా ప్రభుత్వానిదే, దాన్ని కొనడానికీ అమ్మడానికీ వీల్లేదని 2002 నాటి చట్టం చెబుతోంది.

టాటోయ్ కథ వేరు. అడవిదారుల్లో జనం నడవొచ్చు. ఆదివారాలు ఏథెన్స్ కుటుంబాలు భోజనం క్యారేజీలతో వస్తాయి. కానీ భవనాలకు దశాబ్దాలపాటు తాళమే. పట్టించుకున్నవాళ్లు లేక పైకప్పులు కుంగాయి. రాజుగారి కార్లు, గుర్రపుబళ్లు, బట్టలు, ఫర్నిచరు దుమ్ములో కుళ్లాయి. రాజరికాన్ని ద్వేషించేవాళ్లకు అవి బాగుచేయడం ఇష్టం లేదు. అభిమానించేవాళ్లకు బాగుచేసే అధికారం లేదు. మధ్యలో వానకు తడిసింది మాత్రం ప్రజల ఆస్తి!

ఆఖరికి ప్రభుత్వం మేల్కొని మ్యూజియం చేస్తామని పథకం వేసుకుంటున్న సమయంలోనే 2021 ఆగస్టులో కార్చిచ్చు వచ్చింది. టాటోయ్ అడవిలో చాలా భాగం మాడిపోయింది. ప్రధాన భవనాన్ని అగ్నిమాపక సిబ్బంది కాపాడగలిగారు గానీ కొన్ని చిన్న కట్టడాలు, దాచి ఉంచిన సామాన్లలో కొన్ని బూడిదయ్యాయి. ఆ తర్వాతే పనుల్లో వేగం పెరిగింది. యూరోపియన్ నిధులతో భవనం మరమ్మతులు చేపట్టారు. వేల సంఖ్యలో ఉన్న వస్తువుల్ని ఒక్కొక్కటే శుభ్రం చేసి లెక్క రాశారు. యాభై ఏళ్లకిందట మొదలుపెట్టి ఉంటే ఇందులో సగం పని ఉండేదే కాదు.

2023 జనవరి 10న కాన్‌స్టంటైన్ చనిపోయాడు. ప్రభుత్వ లాంఛనాల్లేవు. మామూలు పౌరుడిలా టాటోయ్‌లోనే, పెద్దల సమాధుల పక్కన ఖననం చేశారు. చుట్టూ నల్లగా కాలిన చెట్లు. 2024 డిసెంబరులో ఆయన పిల్లలు సహా కుటుంబంలో పదిమంది గ్రీకు పౌరసత్వం తీసుకున్నారు. ముప్ఫై ఏళ్ల కిందట తండ్రి కాదన్న ఇంటిపేరు ఎట్టకేలకు రాయించుకున్నారు. 'ద గ్రేస్'... అంటే 'గ్రీస్‌వాళ్లు' అని! ఆ పేరేమిటని కొన్ని పార్టీలు గొడవ చేశాయి కూడా.

వాళ్లిప్పుడు మోన్ రెపోకు వెళ్లినా మనలాగే గేటులోంచి నడిచి వెళ్లాలి. తాత ముత్తాతల గదులు చూడాలంటే మ్యూజియం టికెట్టు కొనాలి. అందులో న్యాయం ఉంది. అయితే టికెట్టు కొన్నవాళ్లు చూడటానికి ఆ గదులు నిలబడి ఉండాలి కదా! మోన్ రెపోలో నిలబడ్డాయి, టాటోయ్‌లో అగ్ని అంచుదాకా వెళ్లి బయటపడ్డాయి. రెండుచోట్లా యజమానులు ప్రజలే. తేడా ఎక్కడొచ్చిందంటే, తాళం తీసిన మర్నాటినుంచి చీపురు ఎవరు పట్టారన్న దగ్గర.

సాయంత్రం మోన్ రెపో గేటు బయటికొస్తూ ఒకసారి వెనక్కి చూడండి. ఉదయం చూసిన పెద్దాయనలాంటి వాళ్లు ఇంకా ఇద్దరు ముగ్గురు బెంచీలమీద కూర్చుని ఉంటారు. వాళ్ల చిన్నతనంలో ఈ గోడ బయటినుంచి చూసి వెళ్లినవాళ్లే. ఇప్పుడు లోపల కూర్చుని మనవల్ని ఆడించుకుంటున్నారు. పక్కనే గుడి రాళ్లమీదికి ఎక్కబోయిన పిల్లాణ్ని "దిగు, దిగు" అని కేకేసేది కూడా వాళ్లే!

వెళ్లాలనుకుంటే...

ఎలా చేరాలి: మన దగ్గర్నుంచి గల్ఫ్ నగరాలు లేదా ఇస్తాంబుల్ మీదుగా ఏథెన్స్ చేరొచ్చు. షెంజెన్ వీసా తప్పనిసరి. ఏథెన్స్ నుంచి కోర్ఫూకు విమానంలో గంట ప్రయాణం. ఓడ ఇష్టమైతే ఇగుమెనిత్సా రేవునుంచి ఫెర్రీ ఉంటుంది.

మోన్ రెపో: పట్నం నుంచి కనోని వైపు వెళ్లే సిటీ బస్సు ఎక్కితే గేటు దగ్గర దిగొచ్చు. తోటలో నడకకు రుసుము లేదు, మ్యూజియానికి ఉంది. కొండదారి కాబట్టి మంచి బూట్లు, నీళ్ల సీసా ఉండాలి.

దగ్గర్లో: పట్నంలోని పురావస్తు మ్యూజియంలో గోర్గాన్ శిల్పం చూడాల్సిందే. పాముల జుట్టుతో, నాలుక బయటపెట్టి భయపెట్టే ఈ రాతి దేవత క్రీస్తు పూర్వం ఆరో శతాబ్దానిది. మోన్ రెపోకు దగ్గర్లోని అర్తెమిస్ గుడి తవ్వకాల్లో 1911లో బయటపడింది. కోర్ఫూ పాత పట్నాన్ని 2007లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

టాటోయ్: ఏథెన్స్ మధ్యనుంచి కారులో గంటలోపు ప్రయాణం. అడవిదారుల్లో నడవొచ్చు. వేసవిలో కార్చిచ్చు ప్రమాదం ఎక్కువగా ఉన్న రోజుల్లో అడవిలోకి రానివ్వరు, ముందే కనుక్కుని వెళ్లడం మంచిది.

ఉచిత ప్రవేశం: ఏటా ఏప్రిల్ 18న, సెప్టెంబరు చివరి శని, ఆదివారాల్లో, అక్టోబరు 28న ప్రభుత్వ మ్యూజియాలు, పురావస్తు స్థలాల్లో టికెట్టు ఉండదు.